పలకరింపులో ఎంత చెప్పాలి?

పిల్లలూ! ఫోను మోగితే ముందుగా మాట్లాడేది ఎవరు? ఎత్తినవారే "హలో" అంటారు కదూ! ఈ-మెయిలులోనూ ఇదే పద్ధతి. ఒక సర్వరు మరొక సర్వరుకు ఉత్తరం ఇవ్వడానికి వచ్చినప్పుడు, అందుకునే సర్వరే ముందు పలకరిస్తుంది. "220" అనే అంకె, దాని వెనుక తన పేరు చెబుతుంది. 220 అంటే "సిద్ధంగా ఉన్నాను" అని అర్థం. ఆ తరువాతే వచ్చిన సర్వరు తన పేరు చెప్పుకోవాలి. 1982లో జాన్ పోస్టెల్ రాసిన నియమావళిలోని ఈ మర్యాద నేటికీ నడుస్తోంది.

పలకరింపులో ఏముండాలో నిర్ణయించేది సర్వరును అమర్చే మనిషి. పేరు తప్పనిసరి. కొందరు దాని వెంట సాఫ్ట్‌వేరు పేరు, వెర్షను నంబరు కూడా పెడతారు. ఇది అనవసరమని నా అభిప్రాయం.

మా కంచన్‌బాగ్‌లో మిధాని, బి.డి.ఎల్. వంటి రక్షణ రంగ సంస్థలున్నాయి. సంస్థ పేరు గేటు దగ్గర అందరికీ కనిపిస్తుంది. లోపలి తాళాలు ఏ రకానివో బోర్డు మీద రాస్తారా? రాయరు. ఫలానా వెర్షనులో ఫలానా లోపం ఉందని జాబితా పట్టుకు తిరిగే దొంగలకు ఆ నంబరు చెప్పడమంటే దారి చూపడమే. ఇంటిగుట్టు లంకకు చేటు!

"నంబరు తెలిస్తే చెడినప్పుడు బాగుచేయడం సులువు" అని కొందరంటారు. నిజమే. 2008 నాటి నియమావళి కూడా ఆ కారణంతోనే అనుమతించింది. ప్రమాదమనుకుంటే తీసివేయవచ్చనీ చెప్పింది. అడిగిన సాటి నిర్వాహకునికి చెబుదాం. దారినపోయే ప్రతివారికీ ఎందుకు?

అయితే దాచినంత మాత్రాన తాళం గట్టిపడదు. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ వదిలిన "పురుగు" ప్రోగ్రాము వేల కంప్యూటర్లలో దూరింది. అది వాడుకున్న దారుల్లో సెండ్‌మెయిల్ అనే మెయిలు సాఫ్ట్‌వేరులోని లోపం ఒకటి. అది వెర్షను నంబరు చదివి రాలేదు. తలుపు తోసి చూసింది. కనుక లోపాలను ఎప్పటికప్పుడు సరిచేయడమే అసలు రక్ష.

మరొక చిన్న ఉపాయం. పలకరించే ముందు కొద్దిసేపు ఆగడం. మర్యాదస్తుడైన సర్వరు 220 కోసం ఓపికగా ఎదురుచూస్తుంది. నియమావళి ప్రకారం 5 నిమిషాలైనా ఆగాలి. చెత్త ఉత్తరాలు పంచే ప్రోగ్రాములు చాలావాటికి అంత ఓపిక లేదు. పలకరింపు వినకముందే మాట్లాడి దొరికిపోతాయి. పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేరులో ఈ పరీక్షకు మామూలుగా 6 సెకన్లు చాలు.

రేపు మీలో ఎవరైనా సర్వరును అమర్చవచ్చు. ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి: పేరు దాచకండి, గుట్టు చెప్పకండి, తొందరపడకండి. మనుషుల పలకరింపుకూ ఇవి పనికొస్తాయేమో ఆలోచించండి!