పందెపు కారు - షాక్ అబ్జార్బర్లు

తెలుగు బోధించే మాకు పందెపు కార్ల ప్రసక్తి ఎందుకని ఇంజనీరింగు విభాగపు మిత్రులు అడుగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని మన విద్యార్థులు గత సంవత్సరం చిన్న పందెపు కారును నిర్మిస్తున్నప్పుడు, వారికి తోడుగా రాత్రులు షెడ్డులో కూర్చున్న అధ్యాపకులము మేము. ఇప్పుడు వారు కళాశాల సంఘానికి పెట్టుకున్న అర్జీని చదివిన పిదప మౌనం వహించడం భావ్యమనిపించలేదు. పాత షాక్ అబ్జార్బర్లు నాసిరకమైనవనీ, విదేశపు సెట్టు తెప్పించాలనీ ఆ అర్జీ సారాంశం. ఈ కోరికను ఇప్పుడే మన్నించరాదని మా అభిప్రాయం.

కారు బరువును మోసేది షాక్ అబ్జార్బరని చాలామంది భావన. మేమూ అట్లే భావించాము. బరువు మోసేది స్ప్రింగు. గతుకు తగిలితే అది నొక్కుకొని, లేచి, మళ్లీ మళ్లీ ఊగుతుంది. ఆ ఊపును అణచేది షాక్ అబ్జార్బరు. గొట్టంలోని పిస్టన్ నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టినప్పుడు, ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. ఊపు అణగనిచో చక్రం నేలను విడిచి విడిచి తాకుతుంది. నేలను విడిచిన చక్రం మలుపు తిప్పలేదు, బండిని ఆపలేదు.

సాధనకు వెళ్లిన రోజున జరిగినది ఇదే. మలుపులో కారు వెనుక భాగం ఎగిరెగిరిపడి, గిర్రున తిరిగి, టైర్ల వరుసను ఢీకొన్నది. నడుపుతున్నవాడు రెండవ సంవత్సరం విద్యార్థి. దైవకృప వలన, బెల్టు, హెల్మెట్ల వలన, గాయం కాలేదు. ఎడమవైపు వెనుక షాక్ అబ్జార్బరు నూనె కారి తడిసి ఉన్నది. వస్తువు చెడ్డదని అందరూ అక్కడికక్కడే తేల్చివేశారు.

విద్యార్థులు చాచా అని పిలిచే ఒక వృద్ధ ఉస్తాదు మాత్రం తొందరపడలేదు. దానిని విప్పి, కడ్డీని వెలుగుకు పట్టి చూపారు. ఒక పక్కనే పొడుగునా రాపిడి గీతలు! "లెక్చరర్ సాబ్, సామాను మంచిదే. పిల్లలు కూర్చోబెట్టడమే వంకరగా కూర్చోబెట్టారు" అన్నారు. పై బ్రాకెట్టుకూ కింది బ్రాకెట్టుకూ 4 మిల్లీమీటర్ల తేడా. చక్రం లేచినప్పుడల్లా కడ్డీ పక్కకు ఒరిగి సీలును అరగదీసినది. ఈ బ్రాకెట్లకే బిగిస్తే విదేశపు సామానుకైనా ఇదే గతి.

ఫార్ములా స్టూడెంట్ పోటీల నియమావళి, నడిపేవాడు కూర్చొని ఉండగా చక్రానికి కనీసం 50 మిల్లీమీటర్ల కదలిక ఉండాలంటుంది. దీనిని కాగితం మీద చూపితే చాలదు. స్ప్రింగు తీసివేసి, షాక్ అబ్జార్బరును మాత్రమే బిగించి, చక్రాన్ని చేతితో అడుగు నుండి పై వరకు నడిపి చూడాలి. ఎక్కడా పట్టరాదు, రబ్బరు ఆపుకంటే ముందు పిస్టన్ అడుగు తాకరాదు. రెండు కొసలా గోళాకారపు బేరింగులుంటే కడ్డీపై పక్క ఒత్తిడి తగ్గుతుంది. బోల్టుకు ఒక పక్కనే కాక రెండు పక్కలా ఆధారం ఉండాలి.

మరొక లెక్క ఉన్నది. చక్రం 50 మిల్లీమీటర్లు కదిలితే షాక్ అబ్జార్బరు 30 మాత్రమే కదులుతున్నదనుకొందాము. నిష్పత్తి 0.6. చక్రం వద్ద దాని అదుపు ఆ నిష్పత్తి వర్గానికి, అనగా 0.36కు పడిపోతుంది. కనుక ఒక కారులో మెప్పు పొందిన సామాను మరొక కారులో అట్లే పనిచేస్తుందని అనుకోరాదు. ఈ లెక్క అర్జీలో ఎక్కడా కనిపించలేదు.

ఇక పోషణ. కారు మూలను నొక్కి ఎన్నిసార్లు ఊగినదో చూసే పరీక్ష వీధికారుకు కొంతవరకు పనికివస్తుంది. గట్టి స్ప్రింగుల పందెపు కారుకు అది కాలక్షేపం. దానికి బదులు, పరుగు ముగియగానే నాలుగింటి వేడినీ జాగ్రత్తగా పోల్చిచూడవచ్చు. ఒకటి మిగిలిన వాటికంటే చల్లగా ఉంటే అది పనిచేయడం లేదేమోనని అనుమానించవలె. కడ్డీ దుమ్ము తుడవాలి, చిన్న గాటు ఉన్నా వదలరాదు. బోల్టులకు రంగు గీత పెడితే అవి కదిలినదీ లేనిదీ తెలుస్తుంది. మర మీటను పూర్తిగా మూసి, ఎన్ని క్లిక్కులు విప్పినదీ లెక్కపెట్టి పుస్తకంలో వ్రాయాలి. మనవారి పుస్తకంలో మూడు పుటలు వ్రాసి ఉన్నవి, తక్కినవన్నీ తెల్లనివే. నైట్రోజన్ వాయువు ఒత్తిడితో నింపిన రకాన్ని విద్యార్థులు స్వయంగా విప్పనేరాదు.

సంఘం పెద్దలకు మా విన్నపమిది. ఈ సంవత్సరం సీళ్లకు, నూనెకు, కొత్త బోల్టులకు, బ్రాకెట్లను సరిచేసే వెల్డింగుకు, ఉస్తాదుగారి గౌరవప్రదమైన కూలికి ధనం మంజూరు చేయండి. సాధనకు రెండు వారాల ముందే కారు పూర్తికావాలని షరతు విధించండి. ఆ పిమ్మట కూడా ఊపు అణగకుంటే, నిండిన పుస్తకంతో వచ్చి కొత్త సెట్టు అడగమనండి. ఆ అర్జీ మీద మొదటి సంతకం మాదే.