రూ.10 వేలకే 5.1 హోమ్ థియేటర్.. కొనొచ్చా? అట్టపెట్టె మీద వాట్లు చూసి తొందరపడొద్దు!

టీవీల సైజు పెరిగింది. ధర కూడా కాస్త దిగొచ్చింది. కానీ సౌండ్ సంగతేంటి? ఓటీటీలో కొత్త సినిమా పెడితే ఫైట్ సీన్‌కి ఇల్లు దద్దరిల్లుతుంది, డైలాగ్ వస్తే మాత్రం ఒక్క ముక్క వినపడదు. ఇంట్లో పెద్దవాళ్లు "ఏమన్నాడ్రా?" అని పక్కవాళ్లను అడుగుతూనే ఉంటారు. రిమోట్ పట్టుకున్నోళ్లు వాల్యూమ్ పెంచడం, తగ్గించడంతోనే సినిమా అయిపోతుంది. సరిగ్గా ఇక్కడే బడ్జెట్ హోమ్ థియేటర్ల ఆఫర్లు ఊరిస్తున్నాయి. రూ.5 వేలు, రూ.8 వేలు, రూ.12 వేలకే 5.1 సౌండ్ అంటున్నారు. మరి నిజంగా అంత ఉందా? మధ్యతరగతి కుటుంబం ఆ డబ్బు పెట్టొచ్చా? లెక్కలేసి చూద్దాం.

టీవీ ధర తగ్గింది.. స్పీకర్ ధర తగ్గలేదు!

ముందు జీఎస్టీ సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే పన్ను లేకుండా రూ.30 వేలు ఉండే టీవీ గతంలో రూ.38,400 పడేది, ఇప్పుడు రూ.35,400కి వస్తుంది. మిగిలింది రూ.3 వేలు. స్పీకర్లు, సౌండ్‌బార్లు మాత్రం అప్పటికే 18 శాతం స్లాబులో ఉన్నాయి. కాబట్టి "జీఎస్టీ తగ్గింది సార్, హోమ్ థియేటర్ కూడా చీప్ అయింది" అని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పనిలేదు. అక్కడ కనిపించేది కంపెనీ ఇచ్చే డిస్కౌంట్ మాత్రమే. టీవీ మీద మిగిలిన డబ్బును ఇంకో వస్తువు మీద పెట్టించడానికే ఈ కాంబో ఆఫర్లు.

టీవీ సౌండ్ ఎందుకు సరిపోవట్లేదు?

టీవీ ఎంత పలచగా ఉంటే లోపల స్పీకర్‌కి అంత తక్కువ చోటు. చాలా టీవీల్లో స్పీకర్లు కిందివైపు తిరిగి ఉంటాయి. శబ్దం మన వైపు నేరుగా రాదు, గోడకో టేబుల్‌కో తగిలి వస్తుంది. పైగా సినిమాను థియేటర్ కోసం మిక్స్ చేస్తారు. 5.1 మిక్సింగ్‌లో డైలాగులు ఎక్కువ భాగం మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్‌కే వెళ్తాయి. బీజీఎం, ఎఫెక్టులు మిగతా వాటికి వెళ్తాయి. అదంతా టీవీలో ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి కుదించేసరికి మ్యూజిక్ కింద మాట నలిగిపోతుంది.

అందుకే రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక పని చేయండి. టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి సౌండ్ మోడ్‌ను 'స్టాండర్డ్' నుంచి 'క్లియర్ వాయిస్', 'డైలాగ్', 'స్పీచ్' లాంటి దానికి మార్చండి. పేరు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఓటీటీ యాప్‌లో ఆడియోను 5.1 నుంచి స్టీరియోకి మార్చే ఆప్షన్ ఉంటే అదీ చూడండి. కొన్ని ఇళ్లలో సమస్య ఇక్కడే తీరిపోతుంది.

5.1 అంటే ఐదు డబ్బాలు కాదు!

ఇదే అసలు పాయింట్. 5.1 అంటే ముందు ఎడమ, ముందు కుడి, మధ్యలో సెంటర్, వెనక రెండు.. మొత్తం ఐదు. ఆ '.1' అంటే సబ్ వూఫర్. ఈ ఆరింటికీ వేర్వేరు శబ్దం అందాలి. హెలికాప్టర్ వెనక నుంచి ముందుకు వెళ్తే ఆ సౌండ్ కూడా వెనక నుంచి ముందుకు రావాలి.

ఇది జరగాలంటే సిస్టమ్ లోపల డాల్బీ డిజిటల్ లాంటి ఫార్మాట్‌ను విడదీసే డీకోడర్ ఉండాలి. దాని దాకా సిగ్నల్ తీసుకెళ్లే డిజిటల్ దారి, అంటే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ కానీ ఆప్టికల్ కానీ ఉండాలి. తక్కువ ధరలో దొరికే చాలా '5.1' సెట్లలో ఈ రెండూ ఉండవు. ఆక్స్, బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్‌ఎం మాత్రమే ఉంటాయి. మామూలు ఆక్స్ వైరులో వెళ్లేది రెండు చానెళ్ల స్టీరియోనే. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పెట్టినా అంతే. ఆ రెండు చానెళ్ల శబ్దాన్నే సిస్టమ్ ఐదు డబ్బాలకూ పంచేస్తుంది. డబ్బాలు ఐదున్నా విడివిడి సౌండ్ లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

మొబైల్‌లో వీడియోలు చూసేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫోన్‌లో సినిమా పెట్టి బ్లూటూత్‌తో హోమ్ థియేటర్‌కి కలిపితే సౌండ్ పెద్దగా వస్తుంది, సరౌండ్ మాత్రం రాదు. పైగా చౌక సెట్లలో పెదాల కదలికకీ మాటకీ తేడా వచ్చే ఇబ్బంది కూడా ఉంటుంది.

'అట్మాస్' అనే మాట కూడా ఇలాంటిదే. 2012లో వచ్చిన ఈ టెక్నాలజీలో పైనుంచి కూడా శబ్దం వస్తుంది. సీలింగ్‌లో కానీ, పైకి తిరిగి కానీ స్పీకర్లు లేని సన్నటి బార్ మీద ఆ పేరు కనిపిస్తే, అది సాఫ్ట్‌వేర్‌తో అలా అనిపించేలా చేయడమే. ఆ పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం.

ఈ వాట్ల లెక్కేంటి?

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 5,000 వాట్లు, 10,000 వాట్లు అని ఉంటుంది. పక్కనే చిన్నగా 'పీఎంపీవో' అని ఉంటుంది. దీనికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ ఏదీ లేదు. కంపెనీ ఎంతైనా రాసుకోవచ్చు. చూడాల్సింది 'ఆర్‌ఎంఎస్' వాట్లు. అంటే స్పీకర్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్.

దాన్ని కూడా నమ్మబుద్ధి కావట్లేదా? వెనక స్టిక్కర్ చూడండి, లేదా అడాప్టర్ చూడండి. 18 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంటే 18ని 3తో గుణించండి. 54 వాట్లు. గోడ నుంచి 54 వాట్లు తీసుకునే సిస్టమ్ ఆగకుండా 300 వాట్లు ఇవ్వడం జరగని పని. అరక్షణం పాటు వచ్చే మోతను లెక్కేసి ఆ అంకె రాసుంటారు. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఆడియో, వీడియో పరికరాల అడాప్టర్లకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇంకో విషయం. వాట్లు రెండింతలైతే సౌండ్ రెండింతలు కాదు. 50 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. కాబట్టి 80 వాట్లా, 120 వాట్లా అని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు.

మీ హాల్ ఎంత? మీరు చూసేదేంటి?

ఇంట్లో టీవీ ఎక్కువసేపు దేనికి ఆన్‌లో ఉంటుంది? సీరియళ్లు, న్యూస్, క్రికెట్, యూట్యూబ్ అయితే వాటిలో చాలావరకు వచ్చేది స్టీరియోనే. వాటికి వెనక స్పీకర్లతో పనిలేదు. మాట స్పష్టంగా రావడమే ముఖ్యం. ఓటీటీల్లో సినిమాలు, సిరీస్‌లు ఎక్కువ చూసేవాళ్లకు మాత్రం 5.1తో ఉపయోగం ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటి వాటిలో చాలా సినిమాలకు ఆ ఆడియో ఉంటుంది.

తర్వాత హాల్. పది బై పన్నెండు హాల్‌లో సోఫా వెనక గోడకు ఆనించి ఉంటే వెనక స్పీకర్లు ఎక్కడ పెడతారు? వైర్లు ఎటు నుంచి లాగుతారు? అద్దె ఇల్లయితే గోడకు మేకు కొట్టనిస్తారా? ఇవి ఆలోచించకుండా కొన్నవాళ్ల ఇళ్లలో ఆ రెండు స్పీకర్లు కూడా టీవీ పక్కనే, ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. అలాంటప్పుడు 5.1కి డబ్బులిచ్చి 2.1 విన్నట్టే.

అపార్ట్‌మెంట్ అయితే సబ్ వూఫర్ మోత గోడలు దాటి కింది ఫ్లాట్‌కి వెళ్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్. సొంత ఇంట్లో సౌండ్ సిస్టమ్ అయినా ఇంటి హద్దు దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెల్స్‌కి మించి దాటకూడదు. పక్కింటివాళ్లతో గొడవ ఎందుకనుకుంటే, బేస్‌ను విడిగా తగ్గించుకునే కంట్రోల్ రిమోట్‌లో ఉందో లేదో చూసి తీసుకోండి.

ఏ ధరకి ఏం వస్తుంది?

రూ.5 వేల లోపు: '5.1' అని రాసున్నా చాలావరకు ఆక్స్, బ్లూటూత్ సెట్లే. పాటలకు, ఇంట్లో చిన్న ఫంక్షన్లకు ఓకే. సినిమా సరౌండ్ కోసమైతే వద్దు.

రూ.5 వేల నుంచి 12 వేలు: ఇక్కడ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉన్న 2.1 సౌండ్‌బార్ మంచి బేరం. స్పీకర్లు మన వైపు చూస్తుంటాయి కాబట్టి మాట తేటగా వినపడుతుంది. వైర్ల గోల తక్కువ. టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మార్చుకోవచ్చు. ఇదే ధరలో డీకోడర్ లేని 5.1 దొరికినా సౌండ్‌బారే నయం.

రూ.15 వేలు, ఆపైన: నిజమైన 5.1 ఇక్కడి నుంచి మొదలవుతుందని అనుకోవచ్చు. ఉదాహరణకు సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ లాంటి మోడల్‌లో డాల్బీ డిజిటల్, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ, ఆప్టికల్ ఉన్నాయి. వెనక స్పీకర్లకు మాత్రం వైర్లు లాగాల్సిందే. ఏ కంపెనీదైనా ఈ లిస్టు ఉందో లేదో సరిచూసుకోండి.

మీ టీవీని కూడా ఒకసారి చూడండి. వెనక హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని మీద 'ఏఆర్‌సీ' అని రాసుండాలి. కేబుల్ ఆ పోర్టుకే పెట్టాలి. పాత టీవీలో అది లేకపోతే ఆప్టికల్ ఉందేమో చూడండి. రెండూ లేకపోతే ఎంత ఖరీదైన 5.1 కొన్నా ఆ టీవీతో ఫలితం ఉండదు.

'నో కాస్ట్' ఈఎంఐలో కాస్ట్ ఎంత?

వడ్డీ లేని ఈఎంఐ అంటారు. నిజానికి బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తం డిస్కౌంట్ రూపంలో ముందే తగ్గిస్తారు. ఆ వడ్డీపై పడే 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మనమే కట్టాలి. రూ.12 వేల వస్తువుకి ఆరు నెలల వడ్డీ రూ.500 అనుకుంటే దానిపై జీఎస్టీ రూ.90. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 అయితే పన్నుతో కలిపి రూ.235. అంటే రూ.325 దాకా అదనం. ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ ఉంటే అదీ పోయినట్టే. ఇప్పటికే ఫోన్, ఫ్రిజ్ ఈఎంఐలు నడుస్తున్న ఇంటికి ఇంకో ఆరు నెలల వాయిదా అవసరమా అన్నది కూడా ఆలోచించాలి.

షోరూమ్‌లో ఇలా అడగండి

డెమో అనగానే డీజే పాట పెడతారు. బేస్‌కి గుండె అదురుతుంది, చేయి జేబులోకి వెళ్తుంది. ఆగండి! మీకు బాగా తెలిసిన సినిమాలో మాటలు ఎక్కువున్న సీన్ పెట్టమనండి. వాల్యూమ్ బాగా తగ్గించమనండి. అప్పుడూ ప్రతి మాటా తెలుస్తోందా? తర్వాత టీవీని ఏఆర్‌సీతో కలిపి ఓటీటీలో 5.1 ఉన్న సినిమా పెట్టమనండి. వెనక స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి. ముందు వినపడే డైలాగే వెనకా వినపడుతుంటే అది అసలు 5.1 కాదు.

ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్ష కుదరదు. కాబట్టి రిటర్న్ ఉందా, రీప్లేస్‌మెంట్ మాత్రమేనా అన్నది ముందే చదవండి. సర్వీస్ సెంటర్ మీ జిల్లాలో ఉందా? ఇది చాలా ముఖ్యం. సబ్ వూఫర్ లోపలి బోర్డు పోతే బరువైన ఆ పెట్టెను మోసుకుని హైదరాబాదో విజయవాడో వెళ్లాల్సి వస్తే, తక్కువ ధరకు వచ్చిందన్న ఆనందం అక్కడితో సరి.

తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

లేని ఫీచర్ ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు, పెట్టె ఫొటో, ఆన్‌లైన్ పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. రూ.5 లక్షల లోపు వస్తువులకు ఫిర్యాదు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు.

మరి కొనాలా? వద్దా?

డైలాగులు వినపడకపోవడమే మీ సమస్య అయితే 5.1 అక్కర్లేదు, ఏఆర్‌సీ ఉన్న మామూలు సౌండ్‌బార్ చాలు. వారానికి రెండు మూడు సినిమాలు చూస్తారు, సోఫా వెనక చోటుంది, టీవీలో ఏఆర్‌సీ ఉందంటే డీకోడర్ ఉన్న 5.1కి డబ్బు పెట్టొచ్చు. రూ.15 వేలు ఇప్పుడు కష్టం అనుకుంటే రూ.6 వేల నకిలీ 5.1తో సర్దుకోవడం కంటే కొన్నాళ్లు ఆగడమే మంచిది. ఎందుకంటే ఆ రూ.6 వేలు పోయాక కూడా అమ్మమ్మ "ఏమన్నాడ్రా?" అని అడగడం మాత్రం ఆగదు.