మందు తాగింది

మన భాషలో 'మందు' అనే మాట ఎంత బరువు మోస్తోందో ఎప్పుడైనా గమనించారా? జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం సీసాలోంచి వొంపుకునేదీ మందే, పొలంలో చల్లేదీ మందే. "వాడు మందు తాగాడు" అంటే నవ్వి ఊరుకుంటాం. "ఆమె మందు తాగింది" అంటే గుండె గుభేలుమంటుంది. పురుగుల మందేమోనని పరిగెత్తుతాం. ఆడది తాగే మందు చావడానికే తప్ప ఇంకెందుకూ కాదని భాషే తీర్మానించేసింది. ఆ తీర్మానం డాక్టర్ల గదుల్లోనూ అమలవుతోంది. దాని ఖరీదు నా కనుబొమ మీద ఐదు కుట్లు.

సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ సైనికాధికారి ఇంటి మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటాను. పిహెచ్‌డి పూర్తయ్యాక మూడేళ్ళ గెస్ట్ ఫాకల్టీ బతుకు నన్ను నమిలేసింది. నిద్ర లేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. చివరికి ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. నా ముందు లోపలికెళ్ళిన మగాయన్ని "రోజుకి ఎన్ని పెగ్గులు?" అని అడగడం బయటికి వినబడింది. నన్ను అడిగినవి వేరు. పెళ్ళయిందా, ఎందుకు కాలేదు, నెలసరి సరిగ్గా వస్తోందా, ఇంట్లో ఎవరెవరుంటారు. తాగుతారా అని మాత్రం అడగలేదు. ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిసిన మాత్ర రాసి, "మందులు వేళకి వేసుకోమ్మా" అన్నాడు. వేసుకున్నాను.

ఆ డిసెంబరు 31న కింద ఆంటీవాళ్ళింట్లో పార్టీ. "చలికి మంచిది, తీసుకో అమ్మాయ్" అని వేడినీళ్ళలో కాంటీన్ రమ్ము కలిపి ఇచ్చింది ఆంటీ. రెండు గ్లాసులు. పైకొచ్చి, వేళ తప్పకూడదు కదా, మాత్ర వేసుకున్నాను. తర్వాతది నాకు గుర్తులేదు. తెల్లారి బాత్‌రూమ్ నేల మీద, రక్తంలో మెలకువొచ్చింది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ మొదట "మీ ఆయన కొట్టాడా?" అనడిగింది. పెళ్ళి కాలేదన్నాను. అప్పుడు గొంతు తగ్గించి "డ్రింక్ చేశారా?" అంది. అవునన్నాను, మాత్ర సంగతీ చెప్పాను. ఆమె కాగితం మీద "బాత్‌రూమ్‌లో కాలు జారింది" అని రాసి, "మీ మంచికే" అంది. ఆమెను నిందించను, నిజంగా నా పరువు కాపాడాననే అనుకుంది. కానీ నా పరువు దక్కి, నాకు జరిగింది మాత్రం రికార్డులో లేకుండా పోయింది. అలా జారిన కాళ్ళు ఇంకెన్ని ఉన్నాయో?

నాకెవరూ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. మద్యం కాసేపు హుషారిచ్చినట్టుంటుంది కానీ మెదడుని మందగింపజేస్తుంది, నిద్రని ముక్కలు చేస్తుంది, దిగులుని తిరగబెడుతుంది. ఏ దిగులుకి మాత్ర వేసుకుంటున్నామో దాన్నే పెంచుతుంది. అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్ లాంటివాటితో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ రకాలతో కడుపులో రక్తస్రావం జరిగే ముప్పు పెరుగుతుంది, నొప్పి మాత్రలు కూడా తోడైతే మరీను. ఎక్కువగా తాగేవాళ్ళకి బ్యుప్రోపియాన్‌తో ఫిట్స్ రావచ్చు. అన్నిటికంటే ప్రమాదం దిగులు మాత్రతో పాటు మనకి తరచూ రాసిచ్చే క్లోనజెపామ్, అల్ప్రాజోలామ్. మద్యంతో కలిస్తే అవి జ్ఞాపకాన్ని తుడిచేస్తాయి, శ్వాసని నెమ్మదింపజేస్తాయి, ఒక్కోసారి ఆపేస్తాయి. ఆడవాళ్ళ ఒంట్లో నీటిపాలు తక్కువ గనక అదే గ్లాసు మనకి మగవాళ్ళకంటే ఎక్కువెక్కుతుంది.

"ఈ ఒక్కరోజుకి మాత్ర మానేస్తే సరి" అంటారా? ఎస్సిటలోప్రామ్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 30 గంటలు పడుతుంది. తరచూ మానేస్తే తలతిరుగుడు, కరెంటు షాకుల్లాంటి జలదరింపులు, తిరగబెట్టిన దిగులు. మానాల్సింది మాత్ర కాదు. రోజూ బాగా తాగే అలవాటున్నవాళ్ళు మద్యాన్నయినా డాక్టరు సాయం లేకుండా ఒక్కసారిగా ఆపకూడదు, వణుకూ ఫిట్సూ వస్తాయి.

"మన ఆడవాళ్ళు తాగరు" అనేవాళ్ళు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో సుమారు 7 శాతం తాగుతామని చెప్పారు. పల్లెల్లో ఇంకా ఎక్కువ. మా ఇంట్లో పనిచేసే అక్క రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని సాయంత్రం కల్లు తాగుతుంది, రాత్రి నిద్రమాత్ర వేసుకుంటుంది. ఆమెనీ ఎవరూ అడగలేదు. కల్లులో అల్ప్రాజోలామ్ కలిపి అమ్మడం తెలంగాణలో ఏళ్ళ తరబడి నడుస్తున్న నేరం. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్ళలో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కల్లు దుకాణంలో ఆ కలయిక నేరమైనప్పుడు, ఒక చేత్తో చీటీ, ఒక చేత్తో గ్లాసు అందుకున్న మనిషికి దాని గురించి చెప్పకపోవడాన్ని ఏమనాలి?

ఇక మన వంతు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. ఆ ఉద్యమం మనకి గర్వకారణం, ఇప్పటికీ. తాగొచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తినే స్త్రీ కల్పన కాదు. కానీ ఆమె గురించి ఇన్ని కథలు రాసుకున్న మనం గ్లాసు పట్టుకున్న స్త్రీ దగ్గరికొచ్చేసరికి రెండే పాత్రలు మిగుల్చుకున్నాం. చెడిపోయినది, లేదంటే స్వేచ్ఛ పొందినది. ఇద్దరిలో ఎవరికీ దిగులు జబ్బుండదు, ఎవరి పర్సులోనూ మాత్రల పట్టీ ఉండదు. నీతి చెప్పేవాళ్ళూ, చీర్స్ చెప్పేవాళ్ళూ కలిసి ఆమెకి అందాల్సిన సమాచారాన్ని మింగేశారు.

నేను అడిగేది తాగే హక్కూ కాదు, తాగొద్దనే ఉపదేశమూ కాదు. దిగులుకి మాత్ర రాసే ప్రతి డాక్టరూ ప్రతి స్త్రీనీ, మొగుణ్ణీ అత్తనీ బయట కూర్చోబెట్టి, మగవాణ్ణి అడిగినంత మామూలుగా "తాగుతారా, ఎంత?" అని అడగాలి. జవాబు విని మొహం మార్చకూడదు. ఈ రెండూ ఎందుకు కలవకూడదో ఆమె భాషలో చెప్పాలి. డాక్టరు దగ్గర నోరు పెగలనివాళ్ళు 14416కి, టెలీ మానస్‌కి, ఫోన్ చేసి పేరు చెప్పకుండానైనా అడగండి.

కుట్లు విప్పించుకున్న రోజు ఆంటీకి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. లోపలికెళ్ళి పోపులడబ్బా వెనకనించి ఒక పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అదే మాత్ర. "పదకొండేళ్ళ నించీ. మీ అంకుల్‌కి కూడా తెలీదు" అంది. పదకొండు డిసెంబరు 31లు.

తర్వాతి సోమవారం ఇద్దరం కలిసే వెళ్ళాం. నా వంతు రాగానే, ఆయన అడక్కముందే చెప్పాను. "నేను తాగుతాను డాక్టరుగారూ. రాసుకోండి." పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాసుకున్నాడు. ఆంటీ నా వెనకే నిలబడి ఉంది.