అగ్నులు నేర్పిన విద్య, ఆచార్యుడు చెప్పవలసిన గతి

జ్యేష్ఠం ముగిసి ఆషాఢం ప్రవేశించే వేళకు, ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన పిల్లలున్న గృహాలలో ఒక విచిత్రమైన మౌనం నెలకొంటుంది. గౌతమీ తీరాన ఒక గ్రామంలో, వైఖానస సంప్రదాయానికి చెందిన ఒక అర్చకుని గృహంలో ఆ మౌనం పక్షం రోజులు నిలిచింది. స్వామి పాదాల చెంత రెండు కాగితాలు ఉంచారు. ఒకటి, ఒక ఐటీ సంస్థ పంపిన లేఖ. ఒక సంవత్సరం అప్రెంటిస్ శిక్షణ, ఆ కాలంలో నెలనెలా కొంత భృతి, ఆపైన ఉద్యోగం, ఉద్యోగం చేస్తూనే ఒక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ చదువుకొనే అవకాశం. రెండవది ఈఏపీసెట్ ర్యాంకు కార్డు. దానితో బస్సు దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో సీటు వస్తుందని లెక్క.

తండ్రిగారు డిగ్రీయే అన్నారు. హైదరాబాదులో ఉన్న మేనమామ ఫోనులో, "బావగారూ, నాలుగేళ్లు చదివాక మళ్లీ అమీర్‌పేట వచ్చి కోచింగు తీసుకోవలసిందే కదా. ఆ దారి నేను నడిచినదే. వాణ్ణి ఇప్పుడే పంపండి" అన్నారు. పెద్దకుమార్తె వివాహానికి చేసిన ఋణం ఇంకా తీరలేదని తల్లి గుర్తుచేసింది. పిల్లవాడు ఏమీ అనలేదు. అతణ్ణి ఎవరూ అడగనూ లేదు.

ఈ రెండింటిలో ఏది గొప్పది అన్న రూపంలో ప్రశ్న వేసుకొన్నంతకాలం ఆ గృహానికి సమాధానం దొరకదు. ముండకోపనిషత్తులో అంగిరసుడు శౌనకునికి విద్యలను పరా, అపరా అని రెండుగా విభజించి చెప్పినప్పుడు, నాలుగు వేదాలనూ ఆరు వేదాంగాలనూ సైతం అపరా విద్యలోనే చేర్చాడు. వేదరాశికే ఆ స్థానం చెప్పిన తరువాత, ఇంజనీరింగ్ పట్టా ఉన్నతమనీ సంస్థలో నేర్చుకొన్న పని హీనమనీ అనడానికి ఆస్తికునికి అధికారం ఎక్కడిది? రెండూ అర్థకరీ విద్యలే. ఆ పరిధిలో అడగవలసిన ప్రశ్న వేరు. ఈ పిల్లవాడు నేర్చుకొనేది ఎవరి సన్నిధిలో?

పని చేస్తూ నేర్చుకోవడం వైదిక సంప్రదాయానికి అపరిచితమైనది కాదు. ఛాందోగ్యంలోని సత్యకామ జాబాలుని కథ సాధకులందరికీ తెలిసినదే. అతడు తన గోత్రం తెలియదని నిజం చెప్పిన ఘట్టాన్ని ప్రవచనాలలో విస్తారంగా వింటాం గాని, ఆ తరువాత జరిగినదానిపై అంత విచారణ జరగదు. హారిద్రుమత గౌతముడు అతణ్ణి ఉపనయనం చేసి కూర్చోబెట్టి పాఠం ప్రారంభించలేదు. చిక్కిపోయిన, బలహీనమైన నాలుగు వందల గోవులను వేరుచేసి, వీటి వెంట వెళ్లమన్నాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని సత్యకాముడు సంకల్పించుకొన్నాడు. ఎన్నో సంవత్సరాలు అరణ్యంలో గోరక్షణమే అతని చదువు. మంద వేయికి చేరిన తరువాత ఒక వృషభం, ఆపైన అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి వరుసగా బ్రహ్మమును గూర్చి ఒక్కొక్క పాదం చొప్పున బోధించాయి. చేసిన పనే, పని నడుమ ఎదురైనవే గురువులయ్యాయి. అప్రెంటిస్‌షిప్‌ను చులకన చేసే తండ్రులు ఈ నాలుగు వందల గోవులను ఒకసారి స్మరించాలి.

అయితే కథ అక్కడ ముగియలేదు. ఆచార్యకులానికి తిరిగి వచ్చిన శిష్యుని ముఖంలోని తేజస్సును చూసి, నీకు ఎవరు బోధించారని గురువు అడిగాడు. మనుష్యులు కానివారు బోధించారని చెప్పి, అయినా మీరే నాకు ఉపదేశించాలని సత్యకాముడు ప్రార్థించాడు. నాలుగు పాదాలూ విన్నవాడు మళ్లీ ఎందుకు అడిగాడు? ఆచార్యుని నుండి గ్రహించిన విద్యయే సాధుతమం అవుతుందని పెద్దల వద్ద విన్నానన్నది అతని సమాధానం. గురువు అదే విద్యను ఏమీ విడువకుండా తిరిగి చెప్పాడు.

ఆ సత్యకాముడే ఆచార్యుడైన తరువాతి కథ మరింత సూక్ష్మమైనది. ఉపకోసలుడు పన్నెండు సంవత్సరాలు ఆయన అగ్నులకు పరిచర్య చేశాడు. తోటివారికి సమావర్తనం జరిగింది గాని, ఇతనికి జరగలేదు. గురుపత్ని చెప్పినా వినకుండా గురువు ప్రయాణమై వెళ్లిపోయాడు. దుఃఖంతో అన్నం మానివేసిన శిష్యునికి, ఇంతకాలం తాను సేవించిన అగ్నులే విద్య చెప్పాయి. చివరకు ఆ అగ్నులు ఒక హద్దు గీశాయి. విద్య మేము చెప్పాము, గతిని మాత్రం ఆచార్యుడు చెబుతాడు అన్నాయి. పన్నెండేళ్లు చేసిన పని విద్యను ఇవ్వగలదు. ఆ విద్యతో ఎటు నడవాలో చెప్పేవాడు వేరొకడు కావాలి.

నేటి అప్రెంటిస్‌షిప్‌ను ఈ గీటురాయి మీదనే పరీక్షించాలి. ఈ విషయంలో చట్టం చెప్పేది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాడు. ప్రాచీనులు అంతేవాసి అన్న పదంతో సూచించినదానికి ఇది దగ్గరి భావమే. శిక్షణ ఒప్పందాన్ని నమోదు చేయాలని కూడా ఆ చట్టం నిర్దేశిస్తున్నది. 2014 సవరణతో దాని పరిధి ఇంజనీరింగేతర పట్టభద్రులకూ కొత్త వృత్తులకూ విస్తరించింది. 2016లో ఆరంభమైన జాతీయ పథకం కింద భృతిలో నాలుగవ వంతును ఒక పరిమితి మేరకు కేంద్రమే భరిస్తున్నది. ఇవి మంచి ఏర్పాట్లు. కాని "అప్రెంటిస్" అన్న పేరు పెట్టుకొన్న ప్రతి ఐటీ శిక్షణా ఈ చట్టం కింద నమోదైనది కాదు. కొన్నిచోట్ల శిక్షణకు రుసుము ఉంటుంది, దానికి బ్యాంకు ఋణం ఏర్పాటు చేస్తారు, ఇన్ని సంవత్సరాలు విడిచి వెళ్లరాదన్న బాండు రాయించుకొంటారు. శిష్యుణ్ణి ఋణంతో కట్టివేసే గురుకులం ఏ సంప్రదాయంలో ఉన్నది? అసలు ధ్రువపత్రాలను తమ వద్ద ఉంచమని అడిగేవారికి మాత్రం నిస్సంకోచంగా నమస్కరించి బయటకు రావడమే మేలు.

ఇక డిగ్రీ పక్షం. పతంజలి మహర్షి మహాభాష్య ప్రారంభంలో విద్య నాలుగు కాలాలలో ఉపయోగానికి వస్తుందని చెప్పాడు. గురువు నుండి గ్రహించే ఆగమకాలం, తానుగా అభ్యసించే స్వాధ్యాయకాలం, ఇతరులకు చెప్పే ప్రవచనకాలం, కర్మలో వినియోగించే వ్యవహారకాలం. బృహస్పతి అంతటివాడు ఇంద్రునికి వేయి దివ్యవర్షాలు పదాలను ఒక్కొక్కటిగా చెప్పినా అంతం కనబడలేదనీ, నూరేళ్లు జీవించే మనుష్యునికి ఆగమకాలంతోనే ఆయుస్సు చెల్లిపోతే తక్కినవి ఎప్పుడనీ ఆ సందర్భంలోనే ప్రశ్న వస్తుంది. నాలుగేళ్ల బీటెక్, తరువాత కోచింగు, తరువాత విదేశంలో ఎమ్మెస్ అంటూ ఆగమకాలాన్నే పొడిగించుకొంటూ పోయే తెలుగు గృహాలకు ఈ ప్రశ్న అక్షరాలా వర్తిస్తుంది. ఆ ఆగమమైనా నిజంగా జరుగుతున్నదా అంటే, ప్రయోగశాల తాళం తీయని కళాశాలలు, ఒకే అధ్యాపకుడు నాలుగు పాఠ్యాంశాలు చదివి వినిపించే కళాశాలలు ఉన్నాయన్నది బహిరంగ రహస్యం. అక్కడ నాలుగేళ్లు కట్టిన రుసుము గోడలకు సమర్పించిన దక్షిణ.

అయినప్పటికీ శాస్త్రాధ్యయనానికి ఉన్న విలువను మేనమామ తక్కువగా అంచనా వేశారు. వ్యాకరణం చదివినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. వ్యవహారంలో పెరిగినవాడు తాను విన్న రూపాలను నిర్దుష్టంగా పలుకుతాడు. ఎన్నడూ వినని ధాతువు ఎదురైనప్పుడు దానికి రూపం సాధించగలిగేది సూత్రం తెలిసినవాడు. (సంస్కృతమే కంప్యూటరుకు అత్యుత్తమ భాష అని ప్రచారం చేసేవారి ఉత్సాహం వలన వ్యాకరణానికీ కంప్యూటరుకూ ఒరిగినదేమీ లేదు. ఇక్కడ చెప్పేది అది కాదు.) సంస్థ నేర్పేది ఆ సంస్థకు నేడు అవసరమైన ఉపకరణాన్ని. ఆ ఉపకరణం కొన్ని సంవత్సరాలలో మారిపోతుంది. గణితం, అల్గారిథములు, ఆపరేటింగ్ వ్యవస్థల మూలతత్త్వం అంత త్వరగా మారవు. చిన్న చిన్న కోడ్ రాయడం, టెస్టింగు వంటి ఆరంభదశ పనులలో కొంత భాగాన్ని కృత్రిమ మేధ చేయగలుగుతున్న ఈ కాలంలో, ప్రక్రియ మాత్రమే తెలిసిన పిల్లవానికి ఉన్న భయం మరీ అధికం. సివిల్ సర్వీసు పరీక్షకు డిగ్రీ కావాలి. అమెరికా హెచ్-1బీ వీసాకు సాధారణంగా బ్యాచిలర్ డిగ్రీ గాని, తత్సమాన అర్హత గాని చూపాలి. పదిహేడేళ్ల వయస్సులో వద్దనుకొన్న ద్వారం ముప్పయ్యవ ఏట అవసరపడవచ్చు.

ఈ ద్వారం ఒకసారి మూసుకొంటే మళ్లీ తెరుచుకోదన్న భావన మాత్రం నిజం కాదు. పని చేసుకొనేవారికి డిగ్రీ అందించాలనే ఉద్దేశంతో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలసింది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు ధరించిన విశ్వవిద్యాలయం అదే. 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రకారం చదువును నడుమ ఆపి తిరిగి కొనసాగించే వీలున్నది, సంపాదించిన క్రెడిట్లు ఖాతాలో నిలుస్తాయి. మరొక దిశ నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చి వ్యవహారకాలాన్ని కళాశాలలోకి తెచ్చింది. రెండు దారులూ ఒకదానివైపు ఒకటి జరుగుతున్నాయి. రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, సంధ్యావందనానికే లేవలేని పిల్లవాడు స్వాధ్యాయానికి ఎలా కూర్చుంటాడన్నది ఏ విధానమూ తీర్చలేని సమస్య. సంస్థ ఇచ్చే సాయంకాలపు డిగ్రీ ఎక్కువగా చెడేది అక్కడే.

ఈ కారణాల చేత, ఋణభారం ఉన్న గృహంలో, చేతిపనిలో నేర్పు ఉన్న పిల్లవానికి, నమోదైన ఒప్పందమూ గుర్తింపు గల విశ్వవిద్యాలయపు డిగ్రీ మార్గమూ ఉన్న శిక్షణ దొరికితే, ఆచార్యుడు లేని కళాశాలకంటె అది ఉత్తమం. శాస్త్రజిజ్ఞాస ఉన్నవానికి మంచి కళాశాలలో చోటు లభించినప్పుడు, రెండేళ్ల భృతికి ఆశపడి దానిని త్యజింపజేయడం పిల్లవానికి చేసే అన్యాయం. తెనాలి శాస్త్రపరీక్షలకు వచ్చే విద్యార్థులు గురువుగారి ఇంట సంవత్సరాల తరబడి చదివి, పరీక్షకు మాత్రం తెనాలి వస్తారు. పట్టా ఎవరు ఇస్తారన్నదానికంటె పాఠం ఎవరు చెప్పారన్నది అక్కడ ముందు విచారిస్తారు. ఐటీ విద్యకు కూడా ఇదే క్రమం వర్తించకపోవడానికి కారణం కనబడదు.

గౌతమీ తీరపు గృహంలో మాత్రం మరొక చిక్కు ఉన్నది, అది లేఖలోనూ ర్యాంకు కార్డులోనూ లేదు. పిల్లవాడు అర్చనా మంత్రాలను సగం వరకే నేర్చాడు. బస్సు దూరంలోని కళాశాలైతే ప్రాతఃకాలంలో ఆలయంలో తండ్రి పక్కన నిలిచి, ఆపైన చదువుకు వెళ్లగలడు. నాలుగేళ్లలో ఉత్సవవిధి వరకు నేర్పవచ్చునన్నది తండ్రిగారి ఆశ. వంశంలో వస్తున్న స్వామిసేవ తనతో ఆగిపోతుందేమోనన్న బెంగ అది, దానిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కాని ఆయన ఆ మాట అనలేదు. ఇంజనీరింగ్ గౌరవం, సంబంధాలు వచ్చే వేళకు పట్టా ఉండాలన్న మాటల వెనుక దానిని దాచారు. దాచిన కోరికతో చేసే నిర్ణయం పిల్లవాని మీద రెండింతల బరువు. తన విద్యకోసం కళాశాలకు వెళుతున్నాడో, తండ్రి నిశ్శబ్దంకోసం వెళుతున్నాడో అతనికే తెలియదు. గౌతముడు గోవులను అప్పగించినప్పుడు తనకు ఏమి కావాలో స్పష్టంగా చెప్పాడు.

ఒక ఏకాదశినాడు, తీర్థప్రసాదాల తరువాత, తండ్రిగారు ఆ మాట బయటపెట్టారు. "నీవు వెళితే నా తరువాత ఈ గర్భాలయంలో నిలిచేదెవరురా అన్నదే నా బాధ. నీకు ఏమి నేర్చుకోవాలని ఉన్నదో చెప్పు నాన్నా" అన్నారు. పిల్లవాడు చాలాసేపు ఆలోచించి, "కంపెనీలో నాకు పాఠం చెప్పేదెవరో ఒకసారి కనుక్కోవచ్చా నాన్నగారూ? కాలేజీకి కూడా వెళ్లి చూసి వస్తాను" అన్నాడు. లేఖ అడుగున ఒక ఫోను నంబరు ఉన్నది. ఇంతవరకు ఆ నంబరుకు ఒకేసారి, భృతి ఎంత అని అడగడానికి ఫోను చేశారు. మరునాటి ఉదయం, అర్చన ముగిసిన తరువాత, మళ్లీ చేశారు.