బంతి లేని నలుగురు

మన కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు ఆట చూచినవారికి ఈ దృశ్యం సుపరిచితమే. బంతి ఒక్కని చేతిలో ఉంటుంది. తక్కిన నలుగురు ప్రేక్షకులవలె నిలబడి చూస్తూ ఉంటారు. అతడు ముగ్గురిని తప్పించుకొని బాస్కెట్ వేసినచో చప్పట్లు, వేయలేనిచో నిట్టూర్పులు. నిరుడు అంతర కళాశాలల పోటీలో ఒక్క బాస్కెట్ తేడాతో ఓడినప్పుడు మనమందరమూ ఆ ఒక్కనినే నిందించినాము. ఆ నింద అన్యాయమని మా అభిప్రాయం. చివరి నిమిషంలో ఎవరు ఎటు పరుగెత్తవలెనో మన జట్టులో ఎవరికీ తెలియదు.

దాడికి ముందుగానే ఒక పథకం ఉండవలెనని మేము అంటున్నాము. ఎవరు ఎక్కడ నిలువవలెను, ఎవరు ప్రత్యర్థి దారికి కదలక అడ్డు నిలిచి స్క్రీన్ ఇవ్వవలెను, ఆ అడ్డు చాటున ఎవరు బాస్కెట్ వైపు దూసుకొని పోవలెను అనునవి ఐదుగురికీ కంఠస్థమై ఉండవలెను. అప్పుడు బంతి లేనివాడు కూడ ఆటగాడే అవుతాడు.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఆటగాళ్ళకు క్రీడా ఉపకారవేతనాలు ఇవ్వదు. అందుచేత అక్కడ 29 సంవత్సరాలు శిక్షణ ఇచ్చిన పీట్ కారిల్‌కు ఆజానుబాహువులు అరుదుగానే దొరికేవారు. ఆయన శిష్యులు 1996 మార్చిలో, అంతకు ముందటి సంవత్సరపు విజేత యు.సి.ఎల్.ఏ. జట్టును ఎదుర్కొన్నారు. 34-41తో వెనుకబడి, క్రమంగా సమానమైనారు. చివరి క్షణాలలో ఒక ఆటగాడు బంతి అందుకొనుటకు బయటకు వచ్చినట్లు నటించి, తన్ను కాచుచున్నవాడు ముందుకు రాగానే వాని వెనుకనుండి బాస్కెట్ వద్దకు పరుగెత్తినాడు. బంతి సరిగా అక్కడికే వచ్చినది. 43-41. గడియారంలో మిగిలినది 3.9 సెకండ్లు. ఆ ఎత్తు ఆ రాత్రి పుట్టినది కాదు. వారు ప్రతిదినమూ అభ్యసించినదే.

పథకం ప్రతిభావంతుని కట్టివేయునని కొందరు మిత్రులు వాదిస్తారు. మైకేల్ జోర్డాన్ కూడ మొదట అట్లే సంశయించినాడు. 1984లో వృత్తి క్రీడలో ప్రవేశించి, అత్యధిక పాయింట్లు సాధించుచు కూడ, ఏడవ సీజన్ వరకు అతడు ఛాంపియన్ కాలేదు. టెక్స్ వింటర్ నేర్పిన త్రికోణ పద్ధతిని జట్టు అలవరచుకొన్న పిమ్మట, 1991లో తొలి విజయం లభించినది. ఆ తుది ఆట ఆఖరు నిమిషాలలో జోర్డాన్ తన చుట్టూ మూగినవారిని చూచి, ఒంటరిగా ఉన్న జాన్ పాక్సన్‌కు బంతి అందించుచు వచ్చినాడు. పాక్సన్ గురి తప్పలేదు.

మన మైదానంలో మరొక సదుపాయం కూడ ఉన్నది. మన ఆటగాళ్ళు ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ కేకలు వేసుకొంటారు. "పీఛే" అని అరచినచో ఎత్తు బయటపడును గాని, దానికి "ఖుబానీ" అని పేరు పెట్టుకొంటే ఎవరు పోల్చగలరు?

కమిటీ పెద్దలు ఏటేటా క్రొత్త జెర్సీలు ఇస్తున్నారు, సంతోషమే. కాని జట్టు ఎంపిక పోటీలకు రెండు వారాల ముందు మాత్రమే జరుగుతున్నది. ఒకరి అడుగు ఒకరికి తెలియుటకు రెండు వారాలు చాలవు. కళాశాల తెరచిన నెలలోనే పదిమందిని ఎంపిక చేసి, సాయంకాలం ఒక గంట మైదానం వారికి విడిచిపెట్టవలెనని కోరుచున్నాము. జెర్సీలు పాతవైనా మాకు అభ్యంతరం లేదు.