ట్రెంటు శాసనములు ఊరు చేరిన తీరు

ఆల్ప్సు పర్వతపాదమునందలి ట్రెంటు పట్టణములో 1545 డిసెంబరు 13వ తేదీన ఆరంభమై, యుద్ధముల చేతను అంటువ్యాధి భయము చేతను మధ్యమధ్య ఆగిపోవుచు, అయిదుగురు పోపుల ఏలుబడిని చూచి, 1563 డిసెంబరు 4వ తేదీన ముగిసిన కథోలిక మహాసభ, ప్రొటెస్టంటుల విమర్శకు సిద్ధాంతరీత్యా సమాధానము చెప్పుటతో తృప్తినొందక, శ్రీసభ, అనగా చర్చి, లోపలి అవ్యవస్థను చక్కదిద్దుటకును పూనుకొని, మేత్రాణులు, అనగా బిషప్పులు, తమ మేత్రాసనములలోనే నివసింపవలెననియు, గురువులు కాగోరు బాలురకు విద్యాలయములు నెలకొల్పవలెననియు, వివాహములు విచారణ, అనగా పారిష్, గురువు సమక్షముననే జరుగవలెననియు శాసించెను. ఆ శాసనములను నేడు చదువువారికి అవి మరునాటినుండియే అమలు జరిగినట్లు తోచును. నిజమునకు వానిలో కొన్నింటికి నూరేండ్లు పట్టెను. ఒకటి దాదాపు సర్వత్ర చెల్లుబడి యగుటకు 345 ఏండ్లు పట్టెను. మఱికొన్ని క్రమముగా నీరుగారిపోయెను. శాసించినవారికంటె, శాసనములను ఊరికి మోసికొనిపోయినవారే, పోనీయక అడ్డుపడినవారే, ఈ సంస్కరణకు రూపుదిద్దిరని చెప్పవచ్చును.

మొదట రోమున జరిగినది చూతము. నాల్గవ పయస్ పోపు 1564 జనవరి 26వ తేదీన శాసనములన్నింటిని ధ్రువీకరించుచు, తన అనుమతి లేనిదే వానిపై వ్యాఖ్యలు ప్రకటింపరాదని నిషేధించి, అదే ఏడు ఆగస్టులో, అమలునందు పుట్టు సందేహములను తీర్చుటకు కార్డినళ్ల సంఘము నొకదానిని నియమించెను. తలకొక అర్థము పుట్టకుండుటకు ఈ యేర్పాటు తోడ్పడినమాట నిజమే. కాని మహాసభ వాక్యమునకు అర్థము చెప్పు అధికారము ఒక కార్యాలయమునకు దక్కుటచే, ఆ కార్యాలయపు సమాధానములే కాలక్రమమున శాసనమంత బరువు సంపాదించెను. నాటి చర్చల పత్రములు మాత్రము, 1881లో పదుమూడవ లియో పోపు వాటికన్ దస్తావేజుల భాండారమును పండితులకు తెరపించువరకు, చాలవరకు బయటివారి కంటబడలేదు. మహాసభ తాను ముగింపలేక పోపునకు అప్పగించిన సత్యోపదేశ గ్రంథము 1566లోను, సంస్కరింపబడిన పూజాగ్రంథము 1570లోను వెలువడెను; నాలుగు శతాబ్దములు ట్రెంటు పేరిట చెల్లిన పూజావిధి ట్రెంటులో కూర్చబడినది కాదనుట పలువురికి వింతగా తోచును.

వివాహ శాసనపు కథ ఇంకను చిత్రమైనది. అంతకు పూర్వము స్త్రీపురుషులు పరస్పరము అంగీకారము తెలుపుకొన్నచో, గురువు లేకున్నను సాక్షులు లేకున్నను, ఆ పెండ్లి శ్రీసభ దృష్టిలో చెల్లుచుండెను. చాటున ఒకతెను పెండ్లాడి, పిదప లేదని బొంకి, పదిమందిలో మఱియొకతెను చేపట్టినవానిని పట్టుకొనుటకు శ్రీసభ న్యాయస్థానములకు ఆధారమే దొరకెడిది కాదు. తీవ్రమైన భిన్నాభిప్రాయముల నడుమ మహాసభ 1563 నవంబరు 11వ తేదీన, విచారణ గురువును ఇద్దరు ముగ్గురు సాక్షులును ఎదుట లేనిదే పెండ్లి చెల్లదని తీర్మానించి, ముందుగా మూడుమార్లు గుడిలో పెండ్లి ప్రకటనలు చదువవలెననియు, దంపతుల పేర్లు, సాక్షుల పేర్లు, తేదీ, స్థలము గురువు ఒక పుస్తకమున వ్రాసి భద్రపరుపవలెననియు విధించెను. అయితే అందులోనే ఒక నియమము చేర్చిరి: ఏ విచారణలో ఈ శాసనము బహిరంగముగా చదువబడునో, ఆ విచారణలో, చదివిన ముప్పది దినముల పిమ్మట గాని అది అమలులోనికి రాదు. జనులు ఎరుగని శాసనముచే వారి పెండ్లిండ్లను కొట్టివేయరాదను న్యాయబుద్ధి దీనికి మూలమని గ్రహింపవచ్చును. కాని ప్రొటెస్టంటు ప్రభువుల పాలనలోని ఇంగ్లండు వంటి దేశములలో దానిని చదువుట పొసగలేదు. కనుక అక్కడ పాత ధర్మమే నిలిచి, ఒక సీమలో చెల్లని పెండ్లి మఱొక సీమలో చెల్లుచు వచ్చెను. పదవ పయస్ పోపు 1907లో జారీచేసిన కొత్త శాసనము 1908 ఈస్టరు పండుగనుండి అమలగువరకు ఈ గందరగోళము తీరలేదు.

మిలాను నగరమున మాత్రము సంస్కరణ వడివడిగా నడచెను. దానిని నడపిన చార్లెస్ బొరోమియో, నాల్గవ పయస్ పోపునకు మేనల్లుడగుట చేతనే ఇరువది రెండవ యేట కార్డినల్ అయినవాడు. బంధుప్రీతి అను పాత జాడ్యమే ఆ జాడ్యమునకు వైద్యుని పుట్టించెనని నవ్వుకొనుటకు తావున్నది. సుమారు ఎనుబదియేండ్లుగా ఏ అగ్రపీఠాధిపతియు కాపురముండి ఎరుగని ఆ నగరమునకు 1565లో వచ్చి, 1584లో నలువదియారేండ్ల వయసున మరణించువరకు, కొండలోయల పల్లెలను సైతము స్వయముగా తనిఖీచేయుచు, పదునొకండు మేత్రాసన సభలను, ఆరు ప్రాంతీయ సభలను నడపెను. తమ మఠమును సంస్కరింపబూనినందుకు కినిసిన మఠవాసులలో ఒకడు 1569లో ఆయన ప్రార్థనలో ఉండగా తుపాకి పేల్చెను. ఆయన బ్రతికెను, ఆ మఠసంఘము మాత్రము రెండేండ్లకు రద్దయ్యెను. దేవాలయ నిర్మాణమును గూర్చి 1577లో ఆయన ప్రకటింపించిన సూచనలలో పాపసంకీర్తనపు పీఠము ఎట్లుండవలెనో వడ్రంగికి చెప్పినట్లు చెప్పబడినది: గురువునకును పాపములు చెప్పుకొనువారికిని నడుమ చెక్క అడ్డు, అందులో సన్నని రంధ్రములుగల ఇనుపరేకు, దానిపై పలుచని గుడ్డ. ట్రెంటు శాసనములలో ఈ పీఠము ఊసే లేదు. అయినను మిలాను నిబంధనల సంపుటమును ఇతర దేశముల మేత్రాణులు తెప్పించుకొని అనుసరించుటచే, కథోలిక లోకమున ట్రెంటుకు గుర్తుగా నిలిచిన వస్తువులలో ఇదియు ఒకటయ్యెను.

ఫ్రాన్సున రాజులు ఈ శాసనములను రాజ్యశాసనములుగా ఎన్నడును స్వీకరింపలేదు. తమ అధికారమునకు భంగమని వారికిని వారి న్యాయాధిపతులకును శంక. తుదకు 1615లో అక్కడి గురువర్గము తమంతట తామే వానిని స్వీకరించితిమని ప్రకటించుకొనెను. అక్కడ గురువిద్యాలయములు ఆలస్యమగుటకు ఇదికాక ఇంకొక కారణము కూడ కలదు. పండ్రెండేండ్లు నిండిన బాలురను, ముఖ్యముగా బీదల బిడ్డలను, చేర్చుకొని చదివింపుడని ఆజ్ఞాపించిన మహాసభ, అందులకగు వ్యయమును మాన్యములు, మఠములు అనుభవించువారి ఆదాయమునుండి రాబట్టుమనెను, ఈయవలసినవారు ఈయలేదు. పారిస్ నగరమున ఓలియే, విన్సెంట్ ది పాల్ అను గురువులు 1640 ప్రాంతమున పూనుకొనినగాని పని సాగలేదు. అప్పటికి అందు చేరినవారు కూడ పసిబాలురు గాక, అభిషేకమునకు సిద్ధపడు యువకులు.

తొందరపాటు ఫలితమును మన దేశమే చూచినది. గోవా అగ్రపీఠాధిపతి మెనెజిస్ 1599 జూనులో కేరళమునందలి ఉదయంపేరూరున సభచేసి, శతాబ్దములుగా సిరియా సంప్రదాయమున పూజలు జరుపుకొనుచున్న తోమా క్రైస్తవులపై ట్రెంటు నియమములను ఒక వారము తిరుగకుండ రుద్ది, వారి గ్రంథములలో తప్పులని తాను ఎంచినవానిని దిద్దించి, కొన్నింటిని కాల్పించెను. 1653లో ఆ జనులు మట్టాంచేరిలో కూడి, జెస్యూట్ సంఘపు గురువుల అధికారమునకు లోబడమని శిలువ సాక్షిగా ప్రమాణముచేసిరి. నాడు పుట్టిన చీలిక నేటికిని మానలేదు.

శాసనమునకును ఆచరణకును నడుమ ఎడము తర్వాతి కాలమునను కనబడును. రెండవ వాటికన్ మహాసభ తన ఆరాధన శాసనమును 1963 డిసెంబరు 4వ తేదీన, అనగా ట్రెంటు ముగిసి సరిగా నాలుగు వందల ఏండ్లకు, 2,147 మంది అనుకూలురు, నలుగురు ప్రతికూలురుగా ఆమోదించెను. అందు లాటిన్ వాడుకను నిలుపుకొనుచు దేశభాషలకు అధికావకాశము కల్పింపుమని యున్నదే గాని, గురువు ప్రజలవైపు తిరిగి పూజచేయవలెనని లేదు. అయినను కొలది యేండ్లలోనే మన విచారణలలో లాటిన్ తొలగి తెలుగు పూజ వచ్చెను, బలిపీఠము గోడవిడిచి ముందుకు జరిగెను. నేలపై కూర్చుండుట, అంజలి ఘటించుట, నూనెదీపము, హారతి మొదలగు పండ్రెండు భారతీయ పద్ధతులకు 1969 ఏప్రిలులో రోము సమ్మతించెను; అవి మాత్రము అన్ని గుళ్లలో ఒక్కతీరున పాటింపబడలేదు. ప్రజలు కోరిన భాష త్వరగా నిలిచినది. పండితులు కోరిన రీతులకు కొన్నిచోట్ల విశ్వాసులే అభ్యంతరము చెప్పిరి.

ట్రెంటు శాసనములలో చల్లగా అణగిపోయినది ఒకటి ఇటీవల మరల చర్చకు వచ్చుచున్నది. మేత్రాసన సభ ఏటేట, ప్రాంతీయ సభ మూడేండ్లకొకమారు జరుగవలెనని మహాసభ ఆజ్ఞ. గురువులందరు ఒకచోట కూడుట రాజులకు గిట్టలేదు. తమ పాలన సభలో చర్చకు వచ్చుట మేత్రాణులకును అంతగా రుచింపలేదు. 1917 నాటి ధర్మశాస్త్రము ఆ గడువులను పదేండ్లకు, ఇరువదియేండ్లకు పొడిగించెను. 1983 నాటిది మేత్రాసన సభను మేత్రాణుల వివేచనకు విడిచెను. ఫ్రాన్సిస్ పోపు 2021లో లోకమంతట విశ్వాసుల అభిప్రాయసేకరణతో ఆరంభించిన సభాప్రక్రియ 2024 అక్టోబరులో తుది పత్రమును వెలువరించి, విశ్వాసులు పాల్గొను సమితులను విధిగా ఏర్పరుపవలెనని కోరినది. దాని అమలును సమీక్షించు సమావేశము 2028 అక్టోబరునకు నిర్ణయింపబడినది. ఇంతలో ధర్మశాస్త్రపు 536వ సూత్రము విచారణ సలహాసమితి ఉండవలెనో లేదో తేల్చు అధికారమును మేత్రాణులకే ఇచ్చియున్నది. ఏర్పడిన సమితికిని సలహా చెప్పు హక్కే గాని నిర్ణయాధికారము లేదు. ఈ ఒక్క సూత్రమును మార్చుదురో మార్చరో చూచినచో, తుది పత్రపు కోరిక ఎంత దూరము పోవునో 2028కి ముందే తెలిసిపోవును.