ఉమ్మనీటిలో కల్చర్‌కు చిక్కని క్రిములు

కాలిఫోర్నియాలో ఓ గర్భిణికి నెలలు నిండాక మృతశిశువు పుట్టింది. బిడ్డ ఊపిరితిత్తుల్లోనూ, జీర్ణాశయంలోనూ ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం కనిపించింది. ఇది సాధారణంగా నోట్లో ఉండే బ్యాక్టీరియా. గర్భంతో ఉన్నప్పుడు ఆమెకు చిగుళ్ల నుంచి రక్తం కారేది. పరిశోధకురాలు యిపింగ్ హాన్ బృందం పరీక్షించగా అదే రకం క్రిమి ఆమె చిగుళ్ల అడుగున దొరికింది, యోనిలో మాత్రం లేదు. 2010లో వెలువడిన ఈ నివేదిక, నోటి క్రిములు రక్తం ద్వారా గర్భంలోకి చేరగలవనడానికి బలమైన ఆధారమైంది.

ఇలాంటి క్రిములు, నమూనాలోని క్రిమిని పెంచి చూసే మామూలు కల్చర్ పరీక్షకు సులువుగా దొరకవు. ఫ్యూసోబ్యాక్టీరియం గాలి తగిలితే పెరగదు. స్నీథియా అనే బ్యాక్టీరియా పెరగడానికి ప్రత్యేక పోషకాలు కావాలి. యూరియాప్లాస్మా, మైకోప్లాస్మా అనే క్రిములకు కణకవచమే లేదు కాబట్టి రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్‌లో కనిపించవు, పెన్సిలిన్‌కు లొంగవు.

అందుకే శాస్త్రవేత్తలు క్రిమిని పెంచే బదులు దాని జన్యువును వెతకడం మొదలుపెట్టారు. నెలలు నిండకుండానే నొప్పులు మొదలైన 166 మంది గర్భిణుల ఉమ్మనీటిని కల్చర్, జన్యువును పసిగట్టే పీసీఆర్ రెండు పద్ధతుల్లోనూ పరీక్షించిన అధ్యయనం 2008లో వెలువడింది. రెండింటి ఫలితాలూ కలిపితే 25 మందిలో క్రిములు బయటపడ్డాయి. ఏ ఒక్క పరీక్షనే నమ్ముకున్నా వీరిలో కొందరు తప్పిపోయేవారు. పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చిన వారందరికీ నెలలు నిండకుండానే కాన్పు అయింది.

అయితే పీసీఆర్‌ అతి సున్నితమైన పరీక్ష. చర్మం మీది బ్యాక్టీరియా, పరీక్షకు వాడే రసాయనాల్లో మిగిలిన డీఎన్‌ఏ కూడా పాజిటివ్‌గా తేలవచ్చు. మాయలో సహజంగానే సూక్ష్మజీవులు నివసిస్తాయని 2014లో వచ్చిన వాదన ఈ కారణంగానే నిలవలేదు. కేంబ్రిడ్జ్ బృందం 2019లో 537 మంది మాయలను పరీక్షించి, కనిపించిన డీఎన్‌ఏలో అత్యధికం కలుషితాలేనని తేల్చింది. పోలిక కోసం ఖాళీ నమూనాలను పక్కనే పరీక్షించని ఫలితాన్ని నమ్మి వైద్యం చేయకూడదు.

క్రిమి పేరు తెలిస్తేనే సరైన మందు ఎంచుకోగలం. క్లిండమైసిన్‌ మైకోప్లాస్మా హోమినిస్ మీద పనిచేస్తుంది, యూరియాప్లాస్మా మీద పనిచేయదు. ఎరిత్రోమైసిన్ విషయంలో ఇది తలకిందులు. ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండా ఉండి, ముందస్తు నొప్పులు వచ్చిన మహిళలకు ఇన్‌ఫెక్షన్‌ లక్షణాలు లేకపోయినా, క్రిమి ఏదో తేల్చకుండానే యాంటీబయాటిక్స్ ఇచ్చి చూసిన ఒరాకిల్ ప్రయోగంలో మేలు కనబడలేదు. పైగా ఆ పిల్లలను ఏడేళ్ల వయసులో పరిశీలిస్తే, మందులు వాడిన తల్లుల బిడ్డల్లో సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా కనిపించింది.

2020లో భారత్‌లో దాదాపు 30 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారు. ప్రపంచంలో ఇదే అత్యధికం. ఉమ్మనీరు తీయాలంటే పొట్టలోంచి సూది దింపాలి కాబట్టి ఈ పరీక్ష అందరికీ చేసేది కాదు. ఇన్‌ఫెక్షన్ అనుమానం గట్టిగా ఉన్న ముందస్తు నొప్పుల కేసుల్లోనైనా ఇది అందుబాటులో ఉండాలి. కొవిడ్ కాలంలో బోధనాసుపత్రుల్లో ఏర్పాటైన పీసీఆర్ ల్యాబ్‌లను ప్రభుత్వాలు ఇందుకు సిద్ధం చేయాలి. గర్భిణుల నెలవారీ తనిఖీల్లో చిగుళ్ల పరీక్షనూ చేర్చాలి.